పిల్లలు కులాసానా

జనవరి 6

మిల్లువాళ్లు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్లూ మా ఆవిడ పాల లెక్కకి వాడేసేది. ఈసారి నేనే దాచుకున్నాను. పెద్ద కారణమేమీ లేదు. బయటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పటినుంచీ లోపల ఒకటే గొణుగుడు. అది పైకి అంటే ఇంట్లో వంద ప్రశ్నలు. అందుకని ఇక్కడ గొణుక్కుంటాను.

మిల్లు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదో నాకు తెలుసు. అక్కడ పొద్దున చెప్పిన సంగతి మధ్యాహ్నానికి ఆఫీసులో ఉంటుంది. చూపు మందగించిందని నోరు జారిన ఎలక్ట్రీషియన్ని ఏం చేశారో చూడలేదా? గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ల టిఫిను డబ్బాలు మూత తీసి చూడటం ఇప్పుడు అతని ఉద్యోగం. ఒకప్పుడు మిల్లంతటికీ దీపం పెట్టిన మనిషి.

షుగరు నాకు కొత్త కాదు. ఈ డాక్టరు మాత్రం కాళ్లూ చేతులూ సూదితో పొడిచి చూశాడు. కళ్లు మూసుకుని, పొడిచినప్పుడల్లా చెప్పమన్నాడు. నేను ఒక కన్ను ఓరగా తెరిచే ఉంచాను. అన్నీ సరిగ్గా చెప్పాను. అయినా ఆయన మొహంలో నమ్మకం కనబడలేదు. నరాలు మొద్దుబారుతున్నట్టున్నాయి, చేతులతో చేసే పనా మీది అని అడిగాడు. పని చేతులతో కాకపోతే తోకతో చేస్తారా ఎవరైనా? సూపర్‌వైజరునని చెప్పి వచ్చేశాను.

జనవరి 9

కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ ఈరోజు నా వెనకే రౌండుకు వచ్చింది. నేను ఇరుసులు తిరిగే ప్రతి బేరింగు మీదా అరచెయ్యి ఆనించి పెదాలు కదపడం చూసి మంత్రం చదువుతున్నాననుకుందట. నవ్వొచ్చింది. మంత్రమే మరి, మా పాత మేస్త్రీ నాకు నేర్పిన మంత్రం. చెయ్యి ఆనించి, అత్తారింటికి వెళ్లిన కొత్తల్లుడిలా తీరుబడిగా అడగాలి. అత్తగారు కులాసానా, మామగారు కులాసానా, పిల్లలు కులాసానా. మూడూ అడిగేదాకా చెయ్యి నిలిచిందంటే బేరింగు బాగున్నట్టు. మామగారి దగ్గర చెయ్యి వెనక్కొచ్చేస్తే గ్రీజు పెట్టి ఓ కంట కనిపెట్టాలి. అత్తగారి దగ్గరే కాలిందంటే ఇంకెవర్నీ అడగకుండా మిషను ఆపేయాలి.

ఆ అమ్మాయికి తెగ నచ్చింది. తనూ ఒకదానిమీద చెయ్యి పెట్టి, మామగారి దగ్గరే తీసేసింది. చదువుకున్న చేతులు, అంతే. నేను పెట్టి చూశాను. పిల్లలదాకా నిక్షేపంలా నిలిచింది.

పెద్ద బ్లోయరు దగ్గర మాత్రం ఇద్దరం ఎక్కువసేపు నిలబడ్డాం. కాగితాన్ని ఆరబెట్టే వేడిగాలిని బయటికి తోసేది అదే. దాని రెక్కల చక్రం మనిషి ఎత్తు ఉంటుంది. పాత మేస్త్రీ రోజుల్లో ఒకసారి దాని బేరింగు పట్టేసి, ఇరుసు విరిగి, చక్రం రేకు చీల్చుకుని బయటికి దూకింది. ఆ గాటు ఇప్పటికీ గోడమీద ఉంది, ఎన్ని రంగులేసినా కనబడుతుంది. బ్లోయరుకీ ఆ గోడకీ మధ్యలోనే ఆపరేటరు నిలబడే చోటు. అక్కడ ఇప్పుడు నిలబడేది మా అల్లుడు.

గాటు చూపించి ఇదంతా చెబుతుంటే అల్లుడు వెనకనుంచి అందుకున్నాడు. "మీకేం భయం లేదు మేడమ్. మా మామయ్య చెయ్యి పడిందంటే దాని జ్వరం దానికే తగ్గిపోద్ది."

జనవరి 22

నవ్వుకోవాలో ఏడవాలో తెలియని పని. డ్యూటీ దిగి వీధి మొదటినుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచి వచ్చాను. రెండోది ఎక్కడ ఊడిందో తెలియలేదు. ఎదురింటావిడ చూసి, అన్నయ్యగారూ ఒక కాలు అరువిచ్చి వచ్చారా అని ఆటపట్టించింది. నేనూ నవ్వేశాను. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాను.

చొక్కా గుండీలు కూడా ఈమధ్య సరిగ్గా పట్టడం లేదు. దర్జీ కాజాలు చిన్నవి కుట్టాడు. చెప్పాలి వాడికి.

ఫిబ్రవరి 3

మిల్లులోకి పిస్తోలు వచ్చింది. దొంగల కోసం కాదు, బేరింగుల కోసం. దూరంగా నిలబడి గురిపెట్టి నొక్కితే వేడి ఎంతో అంకె పడుతుంది. ఇంజినీరమ్మ తెప్పించింది. అది పట్టుకుని తిరుగుతుంటే పిల్లలాటలా ఉంది. నా మనసు నొచ్చుకుంటుందేమోనని పాపం, మీ చెయ్యి ఉండగా ఇదెందుకు మేస్త్రీ గారూ, పైవాళ్లు అడిగారని తెప్పించాను అంది. మంచి పిల్ల. పెట్టిపుట్టిన చేతికి పోటీ ఏమిటి అన్నాను.

ఫిబ్రవరి 11

ఈరోజు జరిగింది వివరంగా రాయాలి. రాసుకుంటే బాగుంటుంది.

పెద్ద బ్లోయరు బేరింగుకి పిస్తోలు గురిపెడితే చాలా పెద్ద అంకె వచ్చింది. ఇంజినీరమ్మ మొహం పాలిపోయింది. నన్ను పిలిపించింది. అందరూ చుట్టూ చేరారు, అల్లుడు కూడా. నేను అరచెయ్యి నిండుగా ఆనించి, అందరికీ వినబడేలా అడిగాను. అత్తగారు కులాసానా, మామగారు కులాసానా, పిల్లలు కులాసానా. ఆ పైన నా సొంత పైత్యం కలిపి, గేదె ఈనిందా అని కూడా అడిగాను. అందరూ పగలబడి నవ్వారు.

ఆ పిల్ల ఒకసారి పిస్తోలును, ఒకసారి నన్ను చూసింది. తనూ చెయ్యి చాపింది. బేరింగు దాకా రానివ్వకుండా నేనే ఆపాను. నీకెందుకమ్మా, గ్రీజంటుతుంది అన్నాను. ఎందుకలా అన్నానో మరి. పిస్తోలులోనే ఏదో లోపం ఉందని అందరం తేల్చేశాం. కట్టగట్టి కంపెనీకి తిప్పిపంపారు.

గెలిచాను. ఇంటికి వస్తూ ఈల వేశాను.

ఫిబ్రవరి 12

అరచేతిలో బొబ్బ. స్పానరు రాపిడి అయ్యుంటుంది.

ఫిబ్రవరి 20

ఈ నెలంతా మిల్లులో ఒక్క బేరింగు కూడా అలిగి కూర్చోలేదు. ప్రతి ఒక్కటీ పిల్లలదాకా కులాసా. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత చల్లగా నడిచిన నెల లేదు. గ్రీజు మార్చినందుకేనని నా లెక్క.

బొబ్బ చితికింది. మా ఆవిడ చూసి, ఇది రాపిడి కాదండీ, కాలింది అంది. కాలితే నాకు తెలియదా అన్నాను. తెలియాలి మరి అంది. ఆవిడది అదో ధోరణి, తను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటుంది.

మార్చి 1

రాయలేను.

మార్చి 2

రాయాలి.

నిన్న ఆదివారం. మా అమ్మాయికి ఒంట్లో బాగాలేక పైన వాళ్ల వాటాలో పడుకుంటే, మనవరాలికి నీళ్లు పోసే పని మేం తీసుకున్నాం. మా ఆవిడ తొట్టిలో నీళ్లు సిద్ధం చేసి, ఎలా ఉన్నాయో చూడండి, తువ్వాలు తెస్తానని వెళ్లింది. నేను మోచేతిదాకా చొక్కా మడిచి కుడిచెయ్యి ముంచాను. గోరువెచ్చగా ఉన్నాయి. నా బుద్ధికి, నా చేతికి, గోరువెచ్చగానే ఉన్నాయి. పాపని ఎత్తి కాళ్లు దింపాను.

ఆ కేక ఇంకా చెవుల్లో ఉంది.

వెంటనే లాగేశాను. కాళ్లు చీలమండలదాకా కందిపోయాయి. డాక్టరు మందు రాసి, పొరలు ఊడతాయి గానీ మచ్చ పడదు, ప్రమాదం లేదన్నాడు. మా ఆవిడ చన్నీళ్లు కలిపానో లేదో గుర్తులేదని తన తల తనే కొట్టుకుంది. అమ్మాయి తల్లినే నాలుగు మాటలంది. నేను నోరు విప్పలేదు. అలా నిలబడి ఉన్నాను, ఛీ.

అందరూ పైకి వెళ్లాక మా ఆవిడ వంటింట్లోంచి పొగలు కక్కే గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. పట్టుకోమంది. పట్టుకున్నాను. అలా చూస్తూ ఉండిపోయింది. చివరికి తనే గ్లాసు లాగేసుకుంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి కూడా చేతులు కాలాయని తెలుస్తుందండీ. మీకు అదీ తెలియట్లేదు."

"పని ఎక్కువై మొద్దుబారాయి. నాలుగు రోజులకి వస్తుంది."

"మిల్లులో మీరు చెప్తారా, నన్ను అల్లుడితో చెప్పమంటారా?"

నేనే చెబుతానన్నాను. ఈ వారంలో చెబుతానని పాప మీద ఒట్టు వేయించుకుంది.

మార్చి 3

ఒంట్లో ఎక్కడ ఏది తెలుస్తోందో ఈరోజు ఒక్కొక్కచోటే చూసుకున్నాను. వేళ్లు లేవు. అరచేతులు లేవు. ఎడమ మణికట్టు లోపలివైపు మాత్రం బతికే ఉంది. గ్లాసు ఆనిస్తే చురుక్కుమంది. ఆ చురుకు తగలగానే ఎంత సంతోషం వేసిందో.

రౌండులో ఎవరూ చూడకుండా ఒక్కో బేరింగుకీ మణికట్టు ఆనించాను. పెద్ద బ్లోయరు దగ్గర అత్తగారు అనే మాట పూర్తవ్వనేలేదు. చెయ్యి దానంతటదే ఎగిరొచ్చింది.

ఇంతకాలం ఇదా నేను కులాసా అన్నది? ఆ వేడి పక్కన, రోజుకి ఎనిమిది గంటలు, మా అల్లుడు నిలబడ్డాడు.

ఎవర్నీ అడగకుండా తాడు లాగి మిషను ఆపేశాను. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, కేకలేశాడు. విప్పి చూడండి అన్నాను. విప్పారు. లోపల గుండ్లు కాలి నీలంగా మారి ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే పంజరం పగిలి ఉంది. ఇంకో పూట తిరిగితే పట్టేసేదే అన్నారు.  అల్లుడు అందరి ముందూ వంగి నా కాళ్లకి దండం పెట్టాడు.

వాడి తల నా కాళ్ల మీద ఆనడం చూశాను. తెలియలేదు.

మార్చి 6

మేనేజరు గదికి పిలిచారు. చెప్పేద్దామనే వెళ్లాను. దేవుడి తోడు, మాట నాలుక చివర ఉంది.

కుర్చీ చూపించారు. ఆ గదిలో నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి. ఈ ఏడాదితో రిటైరు కావాల్సిన నన్ను ఇంకో రెండేళ్లు ఉండమన్నారు. పెద్ద బ్లోయరు కింది దిమ్మె ఒకవైపు దిగిందట. దానివల్లే బేరింగు చెడిందట. మిల్లు మొత్తం ఆపినప్పుడు గానీ దిమ్మె బాగుచేయడం కుదరదు. "అప్పటిదాకా మీ చెయ్యే మాకు దిక్కు" అన్నారు.

ఇంజినీరమ్మ కూడా అక్కడే ఉంది. పిస్తోలులో లోపమేమీ లేదని కంపెనీ తిప్పిపంపిందని చెప్పింది. ఆ రోజు అది చూపించింది నిజమేనేమో మేస్త్రీ గారూ అని మెల్లగా అంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకిని మెచ్చుకుంటామా అన్నాను. మేనేజరు గట్టిగా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. పిస్తోలు మేనేజరు బీరువాలోకి వెళ్లింది.

ఇంటికి రాగానే మా ఆవిడ చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాను. ఏమన్నారంది. చెయ్యి పెట్టే పని వేరేవాళ్లకి ఇచ్చి నన్ను పైపైన చూసుకోమన్నారన్నాను. ఆవిడ గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ఎంత భారం దింపారండీ అంది.

మార్చి 19

మణికట్టు బాగా పనిచేస్తోంది. అరచేతికంటే ఇదే నయం. ముందే తట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 8

పాప కాళ్లు మానాయి. నడుస్తోంది. కానీ నీళ్ల తొట్టి పక్కన నేను కనబడితే అమ్మ వెనక్కి దూరిపోతోంది. తాత వద్దంటోంది. చిన్నపిల్ల, మర్చిపోతుందిలే.

మిల్లు మోతకి మాత్రం హాయిగా నిద్రపోతుంది. ఈ వీధిలో పుట్టిన పిల్లలందరికీ అదే జోలపాట. ఆ మోత ఆగితేనే పసివాళ్లు లేచి ఏడుస్తారు, పెద్దవాళ్లు తలుపులు తీసి బయటికొస్తారు. పెద్ద బ్లోయరుదే ఆ మోతలో సగం.

మే 2

దిమ్మె బాగుచేయడం మళ్లీ వాయిదా. ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయట. మేస్త్రీ ఉన్నాడుగా అన్నారట మేనేజరు.

మే 17

ఇంజినీరమ్మ వేరే మిల్లుకి వెళ్లిపోతోంది. వెళ్లేముందు వచ్చి నమస్కారం పెట్టింది. నా అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసింది, జాతకం చూసేవాళ్లలా. పాత మచ్చలన్నీ చూసింది. "ఇవి ఎప్పుడెప్పుడు కాలాయో మీకు గుర్తుందా మేస్త్రీ గారూ?" అంది. పనిలో ఎన్నో ఉంటాయమ్మా అన్నాను. చెయ్యి వదిలి వెళ్లిపోయింది. పీడా పోయింది అనుకున్నాను. అలా అనుకోవాల్సింది కాదు. మంచి పిల్ల.

మే 30

మణికట్టు మీద దోమ కుట్టి, ఉబ్బి ఉంటే చూశాను. కుట్టినప్పుడు నిద్రలో ఉన్నానేమో.

జూన్ 5

అన్నీ చల్లగా నడుస్తున్నాయి.

జూన్ 14

ఆదివారం. పొద్దుటి డ్యూటీ చేసి వచ్చాను. అల్లుడిది రెండో షిఫ్టు, ఇందాకే వెళ్లాడు. వెళ్తూ, రాత్రి వచ్చేటప్పుడు పాపకి బెలూన్లు తెస్తానన్నాడు. పైన పాప నిద్రపోతోంది. మా ఆవిడ ఈ బల్ల మీదే నా యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది, నేను ఈ చివర కూర్చుని రాస్తున్నాను. ఏం రాస్తున్నారని అడిగింది. పాల లెక్క అన్నాను. నవ్వింది. ఆవిడ నవ్వి చాలా రోజులైంది.

పొద్దున పెద్ద బ్లోయరు బ్రహ్మాండంగా ఉంది. మణికట్టు ఆనించి అత్తగారిని, మామగారిని, పిల్లల్ని అందర్నీ అడిగాను. తీరుబడిగా ఉన్నాను కదాని మళ్లీ మొదటినుంచీ అడిగాను. చల్లగా మంచులా ఉంది. కొత్త బేరింగు కదా మరి.

ఏదో మాడుతున్న వాసన.

చొక్కా మాడుతోంది చూసుకోమని కేకేశాను. ఆవిడ అటు తిరిగి బట్టలు మడతపెడుతోంది. ఇటు తిరిగింది. చొక్కా వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఇస్త్రీ పెట్టె నా పక్కకి జరిగి ఉంది. నా ఎడమ మణికట్టు దానికి ఆని ఉంది.

స్విచ్చి తీసింది. తడిగుడ్డ తెచ్చి చుట్టింది. 

"మిల్లులో చెప్పానన్నారు కదా."

"చెబుదామనే వెళ్లానే."

"పొద్దున బ్లోయరు చూసింది ఈ చేత్తోనేనా?"

చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాను. అల్లుడికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు, మిషను ఎక్కేవాళ్ల ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు. నువ్వుండు, నేను వెళ్తానన్నాను. అని ఇక్కడే కూర్చున్నాను. వెళ్తే అక్కడ ఏం చెప్పాలో తెలియలేదు. అదీ నిజం కాదు. ఏం చెప్పాలో తెలుసు. మార్చి నుంచీ తెలుసు. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

గేటు వీధి మొదట్లోనే. స్టూలు మీద ఎలక్ట్రీషియన్ ఉంటాడు. అతని పక్కన గోడకి ఫోను ఉంటుంది, అది నేరుగా మిషను హాల్లో మోగుతుంది. అతనికి చూపు ఆనకపోతేనేం, నంబరు తెలుసు. మిషను ఆపమనే ఆ ఒక్క మాట అతను చెప్పగలడు. నేను ఇన్నాళ్లూ జాలిపడింది ఆ మనిషిమీద.

ఈపాటికి ఆవిడ గేటు చేరి ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను. పెన్ను ఆపితే మోత వినాల్సొస్తుంది. భయంగా ఉంది. ఇంత భయం ఎప్పుడూ ఎరగను. మోత మామూలుగానే ఉంది. మామూలుగానే ఉంది. కొంచెం కీచుమంటోందా? లేదు, మామూలుగానే

మోత ఆగిపోయింది.

ఫోను అందుకుని వాళ్లే ఆపారో, దానంతటదే ఆగిందో. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. పైన పాప లేచి ఏడుస్తోంది. లేవాలి. లేస్తున్నాను. నోట్లో ఆ మాటలే తిరుగుతున్నాయి. అత్తగారు కులాసానా. మామగారు కులాసానా. మూడోది అడగడానికి నోరు రావడం లేదు.